మోగని హారన్

ఆ బస్సులో తలలు ఇద్దరు లెక్కపెట్టాలి. డ్రైవరు ముందు మెట్టెక్కి ముందునుంచి వెనక్కి, వంటమనిషి ఆఖరి వరస దగ్గర నిలబడి వెనకనుంచి ముందుకి. ఎవరి అంకె వాళ్ళు గట్టిగా పైకి చెప్పాలి. రెండంకెలూ కలిస్తేనే బండి కదలాలి. మరిచిపోయి వచ్చి, తీరిగ్గా వెళ్ళి తెచ్చుకోవడానికి మనిషేమీ గొడుగు కాదు. ఆ ఎర్రమన్ను దారిలో ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య వంద కిలోమీటర్లుంటాయి.

టూరు నాలుగోరోజు పొద్దున వంటమనిషి లినెట్ లెక్కపెట్టలేదు.

ఫలహారాల వేళ మరిగే నీళ్ళ డబ్బా మూత తీయబోతే ఆవిరి తన్ని ఎడమ మణికట్టు బొబ్బలెక్కింది. ఆమె మామూలుగా కూర్చునేది డ్రైవరు పక్కనుండే మడత సీటులో. అక్కడ ముందు అద్దంలోంచి ఎండ నేరుగా చేతిమీద పడుతుంది. అందుకని పాత రైలుస్టేషను శిథిలాల దగ్గర అందరూ ఫొటోలు తీసుకుంటూ ఉండగానే తను ముందుగా బస్సెక్కి, ఆఖరి వరసలో నీడపట్టున కూలబడి, చేతికి తడి తువ్వాలు చుట్టుకుని కళ్ళు మూసుకుంది. ప్రయాణికులు ఒక్కొక్కరే ఎక్కారు. డ్రైవరు నెవిల్ మెట్టుమీద నిలబడి వేలు ఆడిస్తూ లెక్క ముగించాడు.

"ఇరవై ఒకటి! లినెట్, నీదెంత?"

"ఇరవై ఒకటే," అంది లినెట్, కళ్ళు తెరవకుండానే.

బస్సు కదిలింది. నలభై నిమిషాల తరువాత ఊటల దగ్గర టీకి ఆగారు. లినెట్ మడత బల్ల వేసి, రేకు మగ్గులు కొక్కేలనుంచి తీసి వరసగా పేర్చి, ఇరవై ఒక్క మగ్గుల్లో టీ పోసింది. పక్కన కొబ్బరికోరు అద్దిన కేకుముక్కలు పెట్టింది. జనం ఈగలు తోలుకుంటూ వచ్చి తలా ఒకటి పట్టుకుపోయారు. ఒక మగ్గు బల్లమీదే ఉండిపోయింది.

"ఎవరండీ టీ తీసుకోనిది?" అని కేకేసింది లినెట్. ఎవరూ పలకలేదు. బస్సులోకెక్కి చూస్తే ఆరో వరసలో యూనా అనే పెద్దావిడ చేతిసంచి ఒక్కటే ఉంది. సంచిలోంచి సగం అల్లిన మేజోడు వేలాడుతోంది. అది చూడగానే లినెట్‌కి వెనక వరసలో తను కూర్చున్న తీరు గుర్తొచ్చింది.

నెవిల్ చక్రాల్లో గాలి చూసుకుంటున్నాడు. ఆమె వెళ్ళి గొంతు తగ్గించి చెప్పింది.

"అదెలా అవుతుంది? ఇద్దరం లెక్కపెట్టాం కదా!" అన్నాడు.

"నేను వెనక కూర్చుని ఉన్నాను, నెవిల్."

అతను ఆమె మొహంకేసి చూశాడు. చూస్తూనే లెక్క బోధపడింది. ఇరవై ఆరేళ్ళుగా ఈ దారిమీద బస్సు తోలుతున్నవాడు. మొన్న మార్చిలో పెట్రోలుబంకు స్తంభానికి బస్సు గీసుకున్నందుకు కంపెనీ ఇచ్చిన ఆఖరి హెచ్చరిక కాగితం అతని సొరుగులోనే ఉంది. ఆ సంగతి లినెట్‌కి తెలుసు. ఆమె పనిచేసే హోటలు మూతపడ్డప్పుడు కంపెనీవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి ఈ ఉద్యోగం ఇప్పించింది కూడా అతనే.

"నువ్వేం మాట్లాడకు," అని, చప్పట్లు చరిచి, "అందరూ ఎక్కండి! వెనక్కి వెళ్ళాలి!" అని అరిచాడు నెవిల్.

వెనక్కి వెళ్ళే నలభై నిమిషాలూ లినెట్ మడత సీటులో ముళ్ళమీద ఉన్నట్టు కూర్చుంది. బయట ఎండ ముప్ఫై ఎనిమిది. మనసులో ఏ దేవుడికి మొక్కాలో కూడా తెలియలేదు ఆమెకి, అలవాటు తప్పి చాలా కాలమైంది.

యూనా కూలిన గోడ పక్కన జానెడు నీడలో వీపు ఆనించి కూర్చుని ఉంది. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి, ఎండుపుల్లలా ఉంటుంది. మొహం కందగడ్డ అయింది. నీళ్ళసీసా ఖాళీగా ఒళ్ళో ఉంది. బస్సు చూసి గోడ పట్టుకుని లేచింది. ఆమె నోరు విప్పేలోగానే నెవిల్ దూకాడు.

"యూనాగారూ! ఎంత హడలగొట్టారండీ! మీరు ఎక్కారు, లెక్కపెట్టుకున్నాం, బయల్దేరాం. మధ్యలో చెప్పాపెట్టకుండా ఎప్పుడు దిగిపోయారు? రెండుసార్లు హారన్ కూడా కొట్టానే!"

"దిగానా?" అంది యూనా. పెదాలు ఎండిపోయి మాట సరిగ్గా రావడంలేదు. "నేనసలు ఎక్కానంటారా?"

"ఎక్కారు మరి. ఇద్దరం లెక్కపెట్టాం. ఏం లినెట్?"

లినెట్ నీళ్ళసీసా మూత తీసి యూనా చేతికిచ్చింది. "ముందు నీళ్ళు తాగండమ్మా," అంది. అది అవునని కాదు, కాదని కాదు. కానీ కిటికీల్లోంచి వింటున్న ఇరవైమందికీ అవుననే వినపడింది. వాళ్ళకలా వినపడుతుందని లినెట్‌కి తెలుసు.

యూనా మెట్లెక్కి, సీట్ల మధ్య నిలబడి, "క్షమించండి. మీ అందరి పొద్దూ పాడుచేశాను," అంది. జనం చప్పట్లు కొట్టారు. మంచివాళ్ళే పాపం. ఆర్థర్ పెల్ అనే రిటైరైన హెడ్మాస్టరు, "పోనీలెండి, చెడ్డకల అనుకోండి," అన్నాడు. అతని భార్య మేవిస్ ఒక పిప్పరమెంటు బిళ్ళ యూనా చేతిలో పెట్టి, అరచెయ్యి మూసి, చంటిపిల్లకి చెప్పినట్టు, "నెమ్మదిగా చప్పరించండి," అంది.

ఆ సాయంత్రం బసలో నెవిల్ కంపెనీకి పంపాల్సిన కాగితం రాశాడు. ప్రమాదం జరిగినా, జరగబోయి తప్పినా రాసి పంపి తీరాలి. లినెట్ ఉల్లిపాయలు తరుగుతుంటే తెచ్చి కోతబల్లమీద పెట్టాడు. 'లెక్క తరువాత ప్రయాణికురాలు ఎవరికీ చెప్పకుండా దిగిపోయారు. హారన్ రెండుసార్లు మోగించినా స్పందించలేదు. తిరిగి దొరికినప్పుడు అయోమయంగా ఉన్నారు. ఎక్కినట్టు ఆమెకు గుర్తులేదు.' కింద అతని సంతకం. దానికింద సాక్షి సంతకానికి ఖాళీ.

"అయోమయం అని ఎందుకు? ఆ ముక్క తీసెయ్యి నెవిల్."

"గుర్తులేదని ఆవిడే అందిగా. అబద్ధం రాశానా?"

"అసలు జరగందాన్ని ఎలా గుర్తుపెట్టుకుంటుంది?"

"చూడమ్మాయ్, ఆవిడకి పోయేదేముంది? టూరు అయ్యాక ఇంటికెళ్ళి టీ తాగుతుంది. నాకు బస్సు పోతుంది. నీ సంగతి చెప్పనా? చూడకుండా అంకె చెప్పిందెవరు?"

లినెట్ చెయ్యి గుడ్డకి తుడుచుకుని సంతకం పెట్టింది. కాగితం మీద ఉల్లిపాయ తడి అంటింది. నెవిల్ దాన్ని ఫొటో తీసి బసవాళ్ళ ఇంటర్నెట్లో పంపేశాడు. ఆమె మళ్ళీ కత్తి పట్టుకుంది. కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే, ఉల్లిపాయలు తరుగుతున్నందుకు మాత్రం సంతోషించింది.

మర్నాడు పొద్దున సీట్లు మారే వేళ నెవిల్ ఒక కొత్త ఏర్పాటు చేశాడు. ఆ బస్సులో అందరూ రోజుకి రెండు వరసలు ముందుకు జరుగుతారు. అలాగైతే ముందు సీటు అందరికీ ఒకపూట దక్కుతుంది. దానికోసం జనం వేళ్ళమీద రోజులు లెక్కపెట్టుకుంటారు. "ఇవాళనుంచి యూనాగారికి రోజూ ముందు సీటే! నా కళ్ళెదుట ఉంటారు," అన్నాడు. అందరూ నవ్వారు. మొన్నటిదాకా అందరూ ఆశపడిన సీటు, ఆ క్షణంలో బడిలో అల్లరి పిల్లని కూర్చోబెట్టే బల్ల అయిపోయింది.

ఆ సీటు లినెట్ మడత సీటు వెనకే. మోచెయ్యి చాపితే తగిలేటంత దగ్గర.

కాసేపు బస్సు గతుకుల్లో ఊగాక యూనా ముందుకు వంగి, "నీ చేతికేమైంది పిల్లా?" అంది.

"టీ నీళ్ళు. ఏం లేదులెండి."

"ఏదీ?" అని పట్టి లాక్కుంది. చెయ్యి గట్టిపట్టే. గొర్రెల దొడ్డిలో పనిచేసిన చెయ్యి. "చీము పడుతుంది ఇలా వదిలేస్తే. ఎప్పుడు కాలింది?"

"నిన్న పొద్దున."

"నిన్నా! నా గోలలో పడి నీ చెయ్యి ఎవరికీ పట్టలేదన్నమాట," అని సంచిలోంచి మలాము సీసా, పట్టీ తీసింది. బస్సు ఊగుతున్నా చెయ్యి తొణకకుండా పట్టీ చుట్టి, పంటితో దారం తెంపి ముడేసింది. రోజూ పొద్దున్నే మార్చుతానంది. మార్చింది కూడా. లినెట్ ప్రతి పొద్దునా తేలు కుట్టిన దొంగలా ఆమె ముందు చెయ్యి చాచి కూర్చునేది.

పట్టీ చుడుతూనే మాటల్లో చెప్పింది యూనా, ఆ శిథిలాల దగ్గర ఎందుకుండిపోయిందో. "నేను పుట్టిందక్కడేనమ్మా. మా నాన్న రైలుపట్టాల గ్యాంగులో పనిచేసేవాడు. మూడో గోడ మా వంటిల్లు. పొయ్యి రాయి ఉందేమోనని ఇసక గీకుతున్నాను. పుట్టినచోట దారితప్పిందని నవ్వుతున్నారు కదూ అందరూ?"

"ఎవరూ నవ్వడంలేదు."

"నవ్వనీలే. అది కాదు నా దిగులు." గొంతు తగ్గించింది. "మా అమ్మాయి రొవీనాకి మాటిచ్చాను. ఈ ఎనిమిదిరోజులూ ఒంటరిగా తిరిగొస్తే నా పొలంలో నన్నుండనిస్తుంది, నా కారు నన్ను తోలుకోనిస్తుంది. లేదంటే ఊళ్ళో వృద్ధుల ఇంట్లో గది చూసిపెట్టింది. కిటికీలోంచి కార్లు నిలబెట్టే చోటు కనపడుతుందట. ఆలిస్ స్ప్రింగ్స్‌కి తనే వస్తుంది నన్ను తీసుకెళ్ళడానికి. ఇది దానికి చెప్పకుండా ఉంటే బాగుండును. నెవిల్ మంచివాడు, చెప్పడనుకుంటాను."

ఆ కాగితం అప్పటికే కంపెనీకి చేరింది. కంపెనీ దాన్ని దగ్గరి బంధువుకి పంపుతుందని లినెట్‌కి తెలుసు. ఆ సంగతి నోటిదాకా వచ్చి, అద్దంలోంచి నెవిల్ చూపు తగిలి మళ్ళీ లోపలికి పోయింది. ఆ చూపుకి భయపడ్డానని ఆమె తరువాత తనకు తను చెప్పుకుంది గానీ, అద్దం లేకపోయినా చెప్పేది కాదు.

ఆ మధ్యాహ్నం సరస్సు దగ్గరికి వెళ్ళారు. ఎప్పుడో పదేళ్ళకొకసారి తప్ప అక్కడ నీళ్ళుండవు. ఉప్పు పెచ్చులే. ఈ ఏడు ఉత్తరాన వానలు పడి నీళ్ళొచ్చాయి. యూనా టూరు డబ్బు కట్టింది ఆ నీళ్ళకోసమే. నాన్న ఏళ్ళతరబడి 'ఈసారి నిండితే చూపిస్తా'నని చెప్పి చూపించకుండానే పోయాడట. ఇసకదిబ్బ ఇవతల బస్సు ఆగింది. జనం టోపీలు సర్దుకుని దిగారు.

"రండి యూనాగారూ," అంది లినెట్.

"నేనిక్కడే ఉంటాలే."

"అయ్యో, దీనికోసమే కదా వచ్చారు! నేను చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాను."

"వద్దు తల్లీ. దిగి, మళ్ళీ ఎక్కానో లేదో ఎవరు చూసుకుంటారు? అందరికీ శ్రమ." సీటు చేతులు రెండూ గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఎడమ చేతివెనక పెన్నుతో ఏదో రాసుకుని ఉంది. దిగిన వేళ, ఎక్కాల్సిన వేళ. దానికింద ఆ రోజు వారం పేరు.

లినెట్ దిబ్బెక్కి చూసింది. కళ్ళు చాలనంత నీళ్ళు, వాటిమీద తెల్లటి కొంగలు. ఆమెకి ఏదీ కంటికి ఆనలేదు. తిరిగొచ్చేసరికి యూనా అద్దంలోంచి దిబ్బకేసే చూస్తోంది. దిబ్బ తప్ప ఏం కనపడదు అక్కడినుంచి.

"నీళ్ళు ఏ రంగులో ఉన్నాయి?" అని అడిగింది.

"గులాబీ రంగు ఉంది అంచుల్లో. మధ్యలో ఆకాశంలా."

"మా నాన్నా అదే చెప్పేవాడు. చూసినవాడిలాగే చెప్పేవాడు," అని నవ్వింది యూనా. లినెట్‌కి ఆ నవ్వు చూడ్డానికి సిగ్గేసి, పెట్టెలోని జున్ను ముక్కలు కోయాలని వంకపెట్టుకుని వెళ్ళిపోయింది.

మాట పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నెవిల్ నోట పుట్టిన హారన్ కూడా అలాగే పెరిగింది. ఆరోరోజు సాయంత్రం ఓపల్ రత్నాల గనుల ఊళ్ళో, నేల తొలిచి కట్టిన బసలో లినెట్ గొర్రెమాంసం వడ్డిస్తుంటే ఆర్థర్ పెల్ పక్క టూరువాళ్ళెవరికో కథ చెప్తున్నాడు. "మూడుసార్లు కొట్టాడండీ హారన్! నేను స్వయంగా విన్నాను. చెవులు చిల్లులు పడ్డాయి."

"నేనయితే ఆవిడ దిగడం కూడా చూశాను. ఆకుపచ్చ స్వెట్టరు మెట్లమీంచి దిగుతోంది. ఏదో మరిచిపోయిందేమో అనుకున్నాను," అంది మేవిస్.

వాళ్ళు అబద్ధమాడటంలేదు. ఆ మొహాలు అబద్ధమాడే మొహాలు కావు. పదిమంది చేరితే మేక కుక్కయిపోతుందంటారు. ఇక్కడ ఆ మేకని మోసుకెళ్తున్న మనిషి ఎదురు బల్లమీద ఒంటరిగా కూర్చుని, బంగాళాదుంప చిన్నచిన్న ముక్కలు చేసుకుంటూ అంతా వింటోంది. ఎవరూ గొంతు తగ్గించలేదు. ఆవిడకి మతి సరిగ్గా లేదని తేలాక, చెవులు కూడా లేవనుకున్నారు కాబోలు.

"బంగాళాదుంప ఇంకాస్త వెయ్యి లినెట్, యూనాగారికి. ఇందాక తిన్నట్టు ఆవిడకి గుర్తుండదులే," అన్నాడు నెవిల్. బల్లంతా ఘొల్లుమంది. యూనా కూడా నవ్వింది. అందరికంటే కాస్త ఆలస్యంగా నవ్వడం ఆపింది.

ఆ రాత్రి పాత్రలు తోముతున్నప్పుడు లినెట్ నిశ్చయించుకుంది. నిశ్చయించుకున్నాక కూడా ఏడోరోజు మొత్తం గడిపేసింది. పొద్దున పట్టీ కట్టించుకుంటూ చెబ్దామనుకుంది. మధ్యాహ్నం దుంపలు వలుస్తూ, టీ కాస్తూ అనుకుంది. ప్రతిసారీ ఏదో పని అడ్డొచ్చినట్టు నటించింది.

ఎనిమిదోరోజు, ఆలిస్ స్ప్రింగ్స్‌కి గంట దూరంలో, ఆఖరి టీకి ఆగినప్పుడు యూనా సాయంగా మగ్గులు తుడుస్తోంది. నెవిల్ బంకు లోపలున్నాడు. లినెట్ తొట్టిలోంచి చేతులు తీయకుండా చెప్పేసింది.

"యూనాగారూ. ఆరోజు మీరు దిగలేదు. అసలు ఎక్కనేలేదు. హారన్ కూడా ఎవరూ కొట్టలేదు."

యూనా తుడుస్తున్న మగ్గు తుడుస్తూనే, "నువ్వు మంచిపిల్లవమ్మా," అంది.

"మంచితనం కాదు. నిజం చెప్తున్నాను."

"కాదులే. నాకు గుర్తొచ్చింది. మొన్న పడుకున్నప్పుడు అంతా గుర్తొచ్చింది. ఎక్కాను. నా రుమాలు గోడమీద మరిచిపోయానని దిగాను. హారన్ కూడా విన్నాను. రెండుసార్లు, నెవిల్ చెప్పినట్టే. లారీ ఏదో పోతోందనుకున్నాను." ధీమాగా చెప్తోంది. అప్పజెప్పే పిల్లలా, ఒక్క ముక్క పోకుండా చెప్తోంది.

అప్పటిదాకా లినెట్ తను ఒప్పుకున్నది ఒక్క అబద్ధపు మాట అనుకుంది. ఇప్పుడు చూస్తే ఆ మాట వెళ్ళి ఈవిడ తలలో ఇల్లు కట్టుకుని కూర్చుంది.

"మీ రుమాలు ఎప్పుడూ మెడకే ఉంది," అంది. "వినండమ్మా. నేను వెనక సీటులో ఉన్నాను. నెవిల్ లెక్కలో మీ బదులు నేనొచ్చాను. నన్నడిగితే కళ్ళు మూసుకునే ఇరవై ఒకటన్నాను. టీ బల్ల దగ్గర మగ్గు మిగిలితే అప్పుడు తెలిసింది. ఆ తరువాత కాగితం మీద సంతకం పెట్టాను. మీకు మతి లేదన్న కాగితం మీద."

యూనా మగ్గు బల్లమీద పెట్టింది.

"ఏరోజు పెట్టావు సంతకం?"

"అదేరోజు సాయంత్రం."

"ఆ తరువాత నాలుగు పొద్దులు నా చేత పట్టీ కట్టించుకున్నావు."

"అవును."

"రాత్రిళ్ళు పన్నెండో ఎక్కం వల్లించుకుంటున్నాను నేను. తప్పు పోతుందేమోనని. మా ఊళ్ళో వీధుల పేర్లు, మా కుక్కల పేర్లు చచ్చినవాటితో సహా. ఒక్కటి తడబడ్డా లేచి కూర్చుంటున్నాను." గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండునని లినెట్ అనుకుంది. "మా అమ్మాయికి చెప్పు. నాకు కాదు. నాకు చెప్తే నీకు బరువు దిగుతుంది, అంతే."

ఆలిస్ స్ప్రింగ్స్‌లో హోటలు ముందు రొవీనా అద్దెకారు పక్కన నిలబడి ఉంది. విమానం దిగి తిన్నగా వచ్చినట్టుంది. కళ్ళకింద నల్లగా ఉంది. తల్లిని కావలించుకుని, మోచెయ్యి పట్టుకుని, "అంతా కంపెనీవాళ్ళు రాశారమ్మా. నువ్వేం కంగారుపడకు. ఆ గది ఖాయం చేశాను. నీ కారు లైసెన్సు రద్దు కాగితాలు కూడా పంపేశాను. నువ్వేం చెయ్యక్కర్లేదు," అంది.

లినెట్ ముందుకొచ్చి అంతా చెప్పింది. సామాను తీసుకుంటున్న జనం చుట్టూ చేరారు. రొవీనా ఓపిగ్గా విని, లినెట్ భుజం తట్టింది.

"మా అమ్మ మాటలతో ఎవరినైనా ఒప్పించగలదు. మీరు ఇంత ఆపేక్షగా ఉన్నందుకు థాంక్స్. కానీ ఆ కాగితం మీద మీ సంతకం నేను చూశాను." నెవిల్‌కేసి తిరిగి, "ఏమండీ, ఈవిడ చెప్పేది?" అంది.

నెవిల్ బస్సు కడుపులోంచి పెట్టెలు లాగుతున్నాడు. తలెత్తకుండా, "లినెట్‌ది మెత్తటి మనసండీ," అన్నాడు.

"హారన్ నేను విన్నాను కదమ్మాయ్!" అన్నాడు ఆర్థర్ పెల్ లినెట్‌తో. "మేమందరం విన్నాం. ఇద్దరి లెక్కా ఇరవై ఒకటే వచ్చింది కూడాను. ఇరవైమంది ఎక్కితే ఇరవై ఒకటి ఎలా వస్తుంది?"

"నేను మడత సీటులో లేనండి. వెనక వరసలో ప్రయాణికుల్లో కూర్చున్నాను. చెయ్యి కాలింది. కళ్ళు మూసుకుని ఉన్నాను. నెవిల్ ఎంతంటే అంత అన్నాను."

ఆర్థర్ ఏదో అనబోయి ఆగాడు. నలభై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. వేలు గాల్లో లేచి, ముందునుంచి వెనక్కి ఊహలో ఒక్కో వరసా దాటుకుంటూ వెళ్ళి, ఆఖరి వరస దగ్గర నిలిచిపోయింది.

"నిన్ను కలుపుకుని," అన్నాడు.

నెవిల్ చేతిలో పెట్టె కింద పెట్టి, రుమాలుతో మెడ తుడుచుకుంటూ బస్సు అవతలివైపుకి వెళ్ళిపోయాడు. అతను కాదనకుండా వెళ్ళడమే ఔననడం అయింది. మేవిస్ యూనా దగ్గరికి ఒక అడుగు వేసి, ఏం చెయ్యాలో తోచక తన చేతిసంచి జిప్పు లాగుతూ వేస్తూ ఉండిపోయింది. "నేను చూశాననే అనుకున్నానండీ," అంది చివరికి, ఎవరికీ కాకుండా.

రొవీనా తల్లి మోచెయ్యి వదిలేసింది. "ఎందుకు పెట్టారు సంతకం?" అని అడిగింది లినెట్‌ని.

"నా ఉద్యోగం కోసం. ఆవిడ ముసలావిడ, అందరూ నమ్ముతారని," అంది లినెట్. ఇంతకంటే మంచి జవాబు వెతికితే దొరికేదేమో గానీ, వెతకలేదు.

రొవీనా తల్లివైపు తిరిగింది. "లైసెన్సువాళ్ళకి సోమవారం ఫోన్ చేస్తాను. ఆ గది కూడా వద్దంటాను," అంది. తరువాత జేబులోంచి కారు తాళం తీసి తల్లి ముందు పట్టుకుంది. "పొరపాటైపోయిందమ్మా. ఊళ్ళోకి నువ్వే తోలు. నేను పక్కన కూర్చుంటాను."

యూనా తాళం తీసుకుంది. డ్రైవరు వైపు తలుపు తీసి, సీటు ముందుకు జరుపుకుని, అద్దం తన ఎత్తుకి వంచుకుంది. చూడముచ్చటగా చేసింది అన్నీ. లినెట్ గుండెల్లో నాలుగు రోజులకి మొదటిసారి కాస్త గాలి ఆడింది. తాళం చెవి లోపల పెట్టిన చెయ్యి తిప్పకుండా అలాగే ఉండిపోయింది. రోడ్డుమీద బళ్ళు ఒకదానివెనక ఒకటి పోతున్నాయి. యూనా ఒకసారి వెనక అద్దంలోకి, ఒకసారి రోడ్డుమీదికి చూసింది. ఒక నిమిషం గడిచింది. తరువాత తాళం బయటికి తీసి, దిగి, కూతురి చేతిలో పెట్టింది.

"నువ్వే తోలు, రొవీనా."

"అదేంటమ్మా? అంతా విన్నావుగా. హారన్ కొట్టలేదట ఎవరూ."

"విన్నాను. నమ్ముతున్నాను కూడా." యూనా అవతలి తలుపు దగ్గరికి నడిచి, కారు కప్పుమీద చెయ్యి ఆనించి, లినెట్‌కేసి చూసింది. కోపంగా కాదు. కోపంగా చూసినా బాగుండేది. "కానీ నాకింకా ఆ హారన్ వినపడుతూనే ఉంది," అంది.

కారు వెళ్ళిపోయాక కూడా జనం తమ తమ పెట్టెలు పట్టుకుని అక్కడే నిలబడ్డారు. ఎవరూ ఎవరికీ వీడ్కోలు చెప్పుకోలేదు. లినెట్ చేతి పట్టీ తడిసి జారిపోతోంది. దాన్ని మళ్ళీ కట్టుకోవడం ఒంటిచేత్తో ఆమెకి చేతకాలేదు.